ఫ్లష్ కొట్టాక నీళ్ళు ఎటు పోతాయి?

చిన్నీ, బుజ్జిగాడూ,

మొన్న కూవం నది సముద్రంలో కలిసేచోట, నేపియర్ బ్రిడ్జి మీద ముక్కు మూసుకుని "మద్రాసు వాళ్ళు ఫ్లష్ కొట్టిన నీళ్ళన్నీ ఇట్లాగే సముద్రంలో కలుస్తాయా పెద్దమ్మా?" అని అడిగారు కదా. ఆటో గోలలో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

అన్నీ కలవవు. కొన్ని కలుస్తాయి, మీకు అబద్ధం చెప్పడం ఎందుకు. డ్రైనేజీ కనెక్షన్ లేని ఇళ్ళున్నాయి, వాన నీటి కాలవలోకి గుట్టుగా పైపు కలిపేసిన బిల్డింగులూ ఉన్నాయి. కూవం, అడయారు నదులు, బకింగ్‌హామ్ కాలవ అట్లా నల్లబడింది చాలావరకు వీటివల్లే. మిగతా మురుగంతా భూమి కింద పైపుల్లో కొడుంగయ్యూరు, కోయంబేడు, నెసపాక్కం, పెరుంగుడిల్లో ఉన్న శుద్ధి ప్లాంట్లకు పోతుంది. ఈ ఊరికి వాలు తక్కువ, నీళ్ళు వాటంతట అవి అంత దూరం పారవు, దారి పొడుగునా పంపింగ్ స్టేషన్లు పెట్టి ఎత్తిపోయాల్సిందే.

ఆ మురుగులో మీ నెల్లూరు వైపు నుంచి వచ్చిన నీళ్ళు కూడా ఉంటాయి తెలుసా? కృష్ణ నీళ్ళు సోమశిల, కండలేరు మీదుగా 150 కిలోమీటర్లు దాటి కాలవలో మద్రాసుకు మంచినీళ్ళిచ్చే పూండి చెరువుకు వస్తాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ ఒప్పందం చేసుకుంటే 1996లో మొదటిసారి నీళ్ళొచ్చాయి. అంత దూరం నుంచి, అన్నేళ్ళు ఆగి తెచ్చుకున్న నీళ్ళతో ఒక్కసారి ఒళ్ళు కడుక్కుని వదిలేస్తామా అని నాకు మురుగు శుద్ధి ప్లాంటు ల్యాబులో ఉద్యోగానికి చేరినప్పటి నుంచీ గుంజాటనే.

ప్లాంటులోకి రాగానే ముందు ఇనప చువ్వల జల్లెడ. అక్కడ తగులుకునేవి చూస్తే మీరు ఒక పూట అన్నం మానేస్తారు: జుట్టు, షాంపూ ప్యాకెట్లు, గుడ్డపేలికలు, డైపర్లు. తర్వాత ఇసుక కిందికి దిగుతుంది, ఆ తర్వాత పెద్ద గుండ్రటి తొట్టిలో బరువైన మడ్డి పేరుకుంటుంది. ఇదంతా మామూలు పనే. అసలు మజా గాలి తొట్టి దగ్గర.

నిజానికి మురుగులో 99.9 శాతం నీళ్ళే. మిగిలిన ఆ కాస్త మలినంలో నీళ్ళలో కరిగిపోయినదాన్ని ఏ జల్లెడా పట్టలేదు, దాన్ని తినేది బాక్టీరియా. మనం చేసేదల్లా వాటికి ఊపిరాడేలా రాత్రీ పగలూ గాలి కొట్టడం, ప్లాంటు కరెంటు బిల్లులో సగం దాకా దానికే పోతుంది. తిని తిని అవి ముద్దలు కట్టి పక్క తొట్టిలో అడుగుకు దిగుతాయి, పైన తేట నీళ్ళు. ఆ అడుగు మడ్డిలో కొంత తీసి మళ్ళీ గాలి తొట్టిలో పోస్తారు, అమ్మ రాత్రి పాలల్లో తోడు వేసినట్టే. తోడు పాడైతే పెరుగు తోడుకోదు, ఇక్కడా అంతే.

తోడు బాగుందో లేదో చూడటమే ల్యాబులో నా పని. లీటరు గాజు జాడీలో తొట్టి నీళ్ళు పోసి, కదపకుండా అరగంట ఉంచి, గోధుమరంగు మడ్డి ఏ గీత దాకా దిగిందో చూసి రాసుకోవాలి. తర్వాత ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టేదాన్ని. కాడ చివర గంట తగిలించినట్టుండే వోర్టిసెల్లా కనిపించిందంటే ఆ రోజుకు టెన్షన్ లేదు, తొట్టి ఆరోగ్యంగా ఉన్నట్టు. స్లయిడు మీద దానికి ఏదైనా తగిలితే ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని చటుక్కున వెనక్కి లాక్కునేది, ఎన్నేళ్ళు చూసినా నాకు విసుగు పుట్టలేదు. కార్తీక మాసం వానల్లో మాత్రం గొడవే. వీధిలో నీళ్ళు నిలిచాయని జనం మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు, ఆ వాన నీళ్ళన్నీ ప్లాంటు మీద పడి బాక్టీరియాని కొట్టుకుపోయేలా చేస్తాయి. (మ్యాన్‌హోల్ అన్నాను కాబట్టి చెబుతున్నా, అందులోకి మనిషిని దింపడం తప్పు. రక్షణ ఏర్పాట్లు లేకుండా దింపొద్దని 2013 చట్టం కూడా అంది, అయినా దింపుతున్నారు.)

మిగిలిన మడ్డిని మూసిన ట్యాంకుల్లో గాలి తగలకుండా కొన్ని వారాలు మాగబెడితే మీథేన్ అనే మండే గ్యాసు వస్తుంది, దాంతో ఇంజన్లు తిప్పి కరెంటు తీస్తారు. ఇక తేట నీళ్ళ సంగతి. మణలిలో రిఫైనరీ 1991 నుంచే శుద్ధి చేసిన మురుగు నీటిని వాడుతోంది. 2019లో కొడుంగయ్యూరులో, కోయంబేడులో రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున ఆర్‌వో దాకా శుద్ధిచేసే ప్లాంట్లు మొదలయ్యాయి, ఆ నీళ్ళు మణలి, ఒరగడం, శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు వెళ్తాయి. అదే ఏడాది చెరువులెండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో మంచినీళ్ళు తెచ్చుకున్నాం, ఒక ట్రిప్పుకు 25 లక్షల లీటర్లు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుని చూడండి, ఫ్యాక్టరీ బాయిలర్‌కి పూండి నీళ్ళు పొయ్యకూడదని నేనెందుకు అంటానో మీకే తెలుస్తుంది.

మరి తాగొచ్చా అని బుజ్జిగాడు అడుగుతాడని తెలుసు. ఇక్కడ ఇది ఫ్యాక్టరీలకే. కానీ ఆఫ్రికాలో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968 నుంచి మురుగును శుద్ధి చేసి మంచినీళ్ళలో కలిపి తాగుతున్నారు. పరీక్షలన్నీ చూసి నేనైతే తాగుతాను. మీ పెద్దనాన్నని అడిగితే ముందు మీరందరూ తాగండి, వారం ఆగి చూస్తానన్నారు.

మీ పెద్దమ్మ,
పెరంబూరు