గబ్బిలాల కడుపు గోడ

వేలి గోరంత కడుపు ముక్క. దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, ఆల్కహాల్‌తో తడంతా లాగేసి, మైనంలో పోతపోసి, మైక్రోటోమ్ అనే సన్నగా కోసే యంత్రం మీద 5 మైక్రోమీటర్ల మందాన కోస్తారు. తల వెంట్రుక మందంలో పదో వంతు అనుకోండి. ఆ పొరకు రెండు రంగులు పట్టిస్తారు, ఒకటి ఊదా, ఒకటి గులాబీ. ఇక మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఆ గబ్బిలం పురుగులు తినేదో పండ్లు తినేదో చాలావరకు ఊహించవచ్చు.

ఇదంతా చెయ్యాలంటే తొందరపడాలి. ప్రాణం పోయిన కాసేపటికే కడుపు తన గోడను తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆలస్యమైతే స్లైడు మీద కనిపించేది చెదిరిన కణాలే.

క్షీరదాల కడుపు గోడలో పొరలు నాలుగు. లోపలి జిగురు పొర, దాని కింద రక్తనాళాలుండే వదులు పొర, ఆ తర్వాత కండరం, పైన పల్చటి తొడుగు. అసలు కథంతా మొదటి పొరలోనే ఉంది. పక్కపక్కనే నిలబెట్టిన పరీక్షనాళికల్లా అందులో గ్రంథులు కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో గ్రంథిలో పెద్దగా, గుండ్రంగా, గులాబీ రంగులో, పెనం మీద పగలగొట్టిన గుడ్డులా మధ్యలో కేంద్రకంతో కనిపించేవి పెరైటల్ కణాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వీటి పని. అడుగున ఊదా రంగు తేలినవి చీఫ్ కణాలు. ప్రొటీన్‌ను తుంచే పెప్సిన్‌కు ముడిసరుకు ఇవి తయారుచేస్తాయి. ఏ జంతువులో ఏ కణాలు ఎన్ని, ఎక్కడ అన్నదే పోలిక.

ఈ పోలికకు గబ్బిలాలను మించినవి దొరకడం కష్టం. 1,400కు పైగా జాతులున్నాయి, ఎక్కువ శాతం పురుగులు తినేవే. కానీ అమెరికా ఖండాల్లోని ఆకుముక్కు గబ్బిలాల కుటుంబం ఒక్కటే చూడండి. పురుగులు తినేవి, మకరందం తాగేవి, పండ్లు తినేవి, ఎలుకలనూ పక్షులనూ పట్టేవి, నెత్తురు తాగేవి అన్నీ అందులోనే! పురుగులు తిన్న పూర్వీకుల నుంచే ఇన్ని దారులు చీలాయి.

పురుగులు తినే గబ్బిలం కడుపు చిన్న సంచి. ఆహారం వచ్చే ద్వారం, పోయే ద్వారం దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆర్భాటమేమీ లేదు. అయితే పురుగు పెంకులోని కైటిన్‌ను విడగొట్టే కైటినేజ్ అనే ఎంజైమ్ ఈ గోడలోంచే ఊరుతుంది.

పండ్లు తినే గబ్బిలం దగ్గరే మన అంచనా తప్పుతుంది. మెత్తటి పండుకు పెద్ద కడుపెందుకు, అంత ఆమ్లమెందుకు అనుకుంటాం. తీరా చూస్తే కడుపు ఒక పక్కకు మూసుకుపోయిన సంచిలా సాగి ఉంటుంది. లోపల మడతలే మడతలు, వాటి నిండా పెరైటల్ కణాలు. ఈ గబ్బిలం పండును నమిలి రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. మింగింది అరగంట అటూ ఇటూలో బయటికి వచ్చేస్తుంది. పండులో ప్రొటీన్ తక్కువ, కాబట్టి చాలా తినాలి, ఉన్న కాస్త సమయంలోనే దొరికింది రాబట్టుకోవాలి. అందుకే ఆమ్లం ఊరే గోడ విస్తీర్ణం పెరిగిందన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది. పైగా ఆసియా, ఆఫ్రికాల పండ్ల గబ్బిలాలది వేరే కుటుంబం, అవి పండ్ల బాట పట్టింది విడిగా. అయినా వాటి కడుపు కూడా ఇలాగే సాగింది.

ఒక్క జాగ్రత్త. కడుపు నిండితే మడతలు విప్పుకుని గోడ పలచబడుతుంది. నిండు కడుపునూ ఖాళీ కడుపునూ పక్కన పెట్టి ‘దీని గోడ మందం, దానిది పలచన’ అనేస్తే పప్పులో కాలేసినట్టే. మందం కొలవడం కంటే కణాలు లెక్కపెట్టడం మేలు.

ఇక నెత్తురు తాగే వాంపైర్ గబ్బిలం. దాని కడుపును 1865లోనే థామస్ హక్స్‌లీ వర్ణించాడు, డార్విన్ సిద్ధాంతం కోసం వాదులాడిన హక్స్‌లీయే. అది చూడటానికి కడుపులా ఉండదు, పేగులా ఉంటుంది. ఒక చివర మూసుకుపోయి, తనమీద తాను మడత పడ్డ పొడవాటి గొట్టం. గోడ పలచన, బాగా సాగుతుంది, చుట్టూ రక్తకేశనాళికల వల. 30, 40 గ్రాముల జంతువు ఒక్క పూటలో తన బరువులో సగం దాకా నెత్తురు తాగుతుంది. అంత బరువుతో ఎగరడమెలా? నెత్తుట్లో ఎక్కువ భాగం నీరే. ఈ గోడ ఆ నీటిని గబగబా పీల్చేస్తుంది, మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి. తాగడం పూర్తికాకముందే మూత్రం మొదలవుతుంది! ఇంకో వింత ఏమిటంటే, నెత్తురు ముందు పేగులోకి వెళ్లి, ఆ తర్వాతే ఈ గొట్టంలో నిండుతుందని 1970లో తేలింది. అంటే ఇది అరిగించే కడుపు కంటే నీళ్లు ఇంకించే గిడ్డంగి అనడమే సరి.

ఆ గిడ్డంగితో ఇంకో ఉపయోగం కూడా ఉంది. రెండు మూడు రాత్రులు తిండి లేకపోతే ఈ గబ్బిలం చచ్చిపోతుంది. ఆకలితో తిరిగొచ్చిన తోటి గబ్బిలం మూతి నాకితే, కడుపు నిండినది నిలవ ఉన్న నెత్తుటిలో కొంత కక్కి దాని నోటికి అందిస్తుంది.