ఖాళీ బండి ఎందుకు వణుకుతుంది?

మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలే ఒక పాఠకుడు పోయిన నెలలో ఒక ప్రశ్న పంపారు. ఆయన పికప్ బండి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు గంటకు 65 కిలోమీటర్లు దాటగానే సీటు కింద సన్నటి వణుకు మొదలవుతుందనీ, 70 దగ్గర పక్క అద్దంలో వెనక వచ్చే బండ్లు రెండేసిగా కనబడేంతగా అది పెరుగుతుందనీ, యాభై క్రేట్లు వేసుకుని అదే రోడ్డు మీద అదే వేగంతో వెళ్తే మాత్రం ఏమీ ఉండదనీ రాశారు. అప్పటికే వెనక టైర్లు మార్చారు, నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేయించారు, ఇంజన్ కింది రబ్బర్లు కొత్తవి వేయించారు, ఇంట్లోవాళ్ల మాట మీద గుమ్మడికాయ కూడా కొట్టారు. "బరువేస్తే బాగుండే బండి ఖాళీగా ఉంటే ఒణికేదేంది సార్?" అన్నది ఆయన ప్రశ్న.

గుమ్మడికాయ సంగతి ఆయన కొంచెం సిగ్గుపడుతూ రాశారు గానీ నాకు అందులో తప్పేమీ కనబడలేదు. కారణం తెలియకుండా టైర్లు మార్చడం కంటే అది చాలా చవక.

ప్రశ్నలోనే జవాబులో సగం ఉంది. వణుకు వేగాన్ని బట్టి వస్తోంది, బరువును బట్టి పోతోంది. టైరులో లోపముంటే బరువుతో అది మాయం కాదు. బరువు వేస్తే మారేది వెనక కమాన్ కట్టల, అంటే బరువును మోసే ఇనప పట్టీల దొంతరల ఒంపు. కమాన్లు వంగితే, గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల ఇరుసు ఉండే హౌసింగ్ దాకా చాసిస్ కింద తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారుతుంది. ఆ షాఫ్టుకు రెండు కొసల్లోనూ మెకానిక్కులు క్రాస్ అని పిలిచే కీలు ఉంటుంది. ఇటలీకి చెందిన కార్డానో పేరు, ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ పేరు ఈ కీలుతో ముడిపడి ఉన్నాయి. అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ 1903లో దీన్ని మోటారు బండికి తగినట్టు మలిచి పేటెంటు పొందాడు. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ కీలు సమీకరణాన్ని పది మార్కుల ప్రశ్నగా ఏటా అడుగుతారు, విద్యార్థులు ఏటా రాస్తారు. వారిలో క్రాస్‌ను చేత్తో పట్టుకుని తిప్పి చూసినవారు ఎందరుంటారో అని నాకెప్పుడూ అనుమానమే. ఆ సమీకరణాన్ని ఒక గాజుతో చూపించవచ్చు.

తిరుపతి, మదనపల్లె ప్రాంతాల్లో ఏప్రిల్ ఆఖరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అటువంటి రోజున మేడ మీదికి ఒక ప్లాస్టిక్ గాజు తీసుకువెళ్లి, దాని చుట్టూ గడియారం అంకెల్లా సమానమైన ఎడంలో పన్నెండు చోట్ల గోళ్ల రంగుతో చుక్కలు పెట్టండి. గాజు ఒక అంచు నేలకు ఆనేలా, పిల్లల జామెట్రీ పెట్టెలోని మూలమట్టం సాయంతో నేలకు 60 డిగ్రీల వాలులో నిలబెట్టండి. నేల మీద నీడ గుండ్రంగా ఉండదు, ఒకవైపు సగానికి నొక్కినట్టు కోలగా పడుతుంది. ఇప్పుడు ఆ కోల నీడ పొడవాటి కొసలో ఉన్న చుక్క నుంచి మొదలుపెట్టి, నీడ మధ్య బిందువు నుంచి ఒక్కో చుక్క నీడ ఎంత కోణంలో ఉందో కొలవండి. గాజు మీద చుక్కకూ చుక్కకూ మధ్య కోణం ఎక్కడైనా 30 డిగ్రీలే. నీడలో మాత్రం మొదటి అడుగు 16 డిగ్రీలు, రెండోది 25, మూడోది 49. తరువాతి మూడూ అదే వరస తిరగేసినట్టు 49, 25, 16.

గాజు మీద ఒక చీమ ఒకే వేగంతో నడుస్తోందనుకోండి. నీడ మధ్యలో కూర్చుని చూసేవాడికి చీమ నీడ పొడవాటి కొసల దగ్గర నెమ్మదిగా, నొక్కుడు పడ్డ పక్కల దగ్గర గబగబా తిరుగుతుంది. చీమ ఒక చుట్టు పూర్తిచేసేలోగా ఆ నీడ రెండుసార్లు నెమ్మదించి రెండుసార్లు పరుగెడుతుంది. ఈ "రెండుసార్లు" అన్న మాటను గుర్తుంచుకోవాలి. మన పాఠకుడి బండిలో దొంగ దొరికింది దాని వల్లే.

ఇది పోలిక కోసం చెప్పిన ముచ్చట అనుకునేరు. క్రాస్‌లో జరిగేది అక్షరాలా ఇదే జ్యామితి. క్రాస్ అంటే కూడిక గుర్తు ఆకారంలో నాలుగు చేతులున్న ఇనప ముక్క. ఎదురెదురుగా ఉన్న రెండు చేతులను ముందు షాఫ్టు కొసన రెండుగా చీలి ఉండే కవ్వ (యోక్) పట్టుకుంటుంది, మిగతా రెండింటిని వెనక షాఫ్టు కవ్వ పట్టుకుంటుంది. ముందు చేయి ముందు షాఫ్టుకు లంబంగా ఉండే తలంలో సున్నా చుడుతుంది, అది గాజు. వెనక చేయి వెనక షాఫ్టుకు లంబమైన మరో తలాన్ని విడిచి రాలేదు, అది నేల. రెండు షాఫ్టుల మధ్య వంపు ఎంతో, గాజు వాలు అంత. వెనక చేయి ఎప్పుడూ ముందు చేతికి లంబంగానే ఉండాలి. కానీ నేలను అంటిపెట్టుకున్న గీత ఒకటి వాలుగా ఉన్న కర్రకు లంబంగా ఉండడమూ, ఆ కర్ర నీడకు లంబంగా ఉండడమూ ఒక్కటే. అంటే వెనక షాఫ్టు ముందు షాఫ్టును అనుసరించదు, దాని నీడను అనుసరిస్తుంది. ఇంజన్ ఎంత నిలకడగా తిప్పినా, వంగిన క్రాస్ దాటాక ఆ తిరుగుడు ప్రతి చుట్టుకూ రెండుసార్లు ముందుకు గెంతి, రెండుసార్లు వెనకబడుతుంది.

బండిలో వంపు 60 డిగ్రీలు ఉండదు కాబట్టి అసలు అంకెలు చూద్దాం. గెంతులో గరిష్ఠ వేగం సగటును వంపు కొసైన్‌తో భాగిస్తే వస్తుంది, కనిష్ఠం గుణిస్తే వస్తుంది. వంపు 6 డిగ్రీలైతే తేడా అటూ ఇటూ అర శాతానికి కాస్త ఎక్కువ. నిమిషానికి 2,090 చుట్లు తిరిగే షాఫ్టు 2,079కీ 2,101కీ మధ్య ఊగుతుందన్నమాట. ఇంతేనా అనిపిస్తుంది. అయితే ఆ ఊగు సెకనుకు 70 సార్లు జరుగుతోంది. కోణీయ త్వరణం, వంపును రేడియన్లలోకి మార్చి వర్గం చేసి, దాన్ని షాఫ్టు వేగం వర్గంతో గుణించినంత ఉంటుంది. ఇక్కడ అది సెకను వర్గానికి సుమారు 525 రేడియన్లు. కేంద్రం నుంచి 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కవ్వ అంచు దగ్గర అది భూమ్యాకర్షణకు రెట్టింపు పైచిలుకు తోపుగా తేలుతుంది, అదీ సెకనుకు 70 సార్లు ఇటు, 70 సార్లు అటు. వర్గం అన్నది ఇక్కడ కీలకం. వంపు 6 నుంచి 2 డిగ్రీలకు తగ్గితే కుదుపు మూడో వంతు కాదు, తొమ్మిదో వంతు అవుతుంది.

మరి ప్రతి పికప్ బండీ వణకాలి కదా? అందుకే షాఫ్టు రెండో కొసలో రెండో క్రాస్ ఉంది. గేర్‌బాక్సు షాఫ్టూ, హౌసింగ్‌లోకి వెళ్లి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ, అంటే పినియనూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే రెండు క్రాసుల వంపులూ సమానమవుతాయి. ప్రొపెల్లర్ షాఫ్టు రెండు కొసల కవ్వలూ ఒకే తలంలో ఉంటే, మొదటి క్రాస్ ఎక్కడ గెంతించిందో సరిగ్గా అక్కడే రెండోది వెనక్కి లాగుతుంది. నీడను మళ్లీ గాజుగా సాగదీసినట్టు, చక్రాలకు చేరేసరికి తిరుగుడు నిలకడగా మారుతుంది. మధ్యలో షాఫ్టు మాత్రం ఊగుతూనే ఉంటుంది గానీ అది తేలికైన గొట్టం కాబట్టి వంపులు మూడు డిగ్రీల లోపు ఉంటే ఎవరికీ తెలియదు. వంపు సున్నా చేస్తే ఇంకా మేలు కదా అనుకోవద్దు; అప్పుడు క్రాస్ కప్పుల్లోని సూదుల్లాంటి రోలర్లు కదలకుండా ఒకే చోట నొక్కుకుని చేతుల మీద గాట్లు పెడతాయి. కనీసం అర డిగ్రీ ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎగుడుదిగుడుల్లో హౌసింగ్ పైకీ కిందికీ పోతుంటే షాఫ్టు పొడవు కొద్దిగా మారాలి కనుక, అందులో ఒకదానిలో ఒకటి జారే పళ్ల గొట్టం ఉంటుంది. క్రాస్ మార్చేటప్పుడు దాన్ని ఊడదీసి తిరిగి దూర్చేవాడు ఏ పన్నులోనైనా దూర్చగలడు. పదహారు పళ్లున్న గొట్టంలో ఒక్క పన్ను తప్పితే కవ్వల మధ్య 22.5 డిగ్రీల తేడా వస్తుంది. మిగిలిపోయే కుదుపు ఆ తేడా సైన్‌కు రెట్టింపు, అంటే ఒక క్రాస్ కుదుపులో ముప్పాతిక వంతు. నాలుగు పళ్లు తప్పితే రెండు క్రాసుల కుదుపులూ పూర్తిగా కలిసిపోతాయి.

ఒక ఆదివారం వెళ్లి ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఫిజిక్స్ ప్రయోగాలకు వాడే ఫైఫాక్స్ అనే యాప్‌ను తెరిచి, ఫోన్‌ను సీటు పట్టాకు గట్టిగా కట్టాను. లెక్క ముందే వేసుకున్నాను: టైరు చుట్టుకొలత 2.29 మీటర్లు, క్రౌన్-పినియన్ నిష్పత్తి 4.1, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్టు 4.1 చుట్లు తిరుగుతుంది. గంటకు 70 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకు 8.5 చుట్లు, షాఫ్టు దాదాపు 35 చుట్లు. వణుకు సెకనుకు ఎన్నిసార్లో చూపే యాప్ గ్రాఫ్‌లో, తప్పు టైరుదైతే శిఖరం 8.5 దగ్గర, షాఫ్టు బరువు ఒకవైపు ఎక్కువైతే 35 దగ్గర, క్రాసులదైతే చుట్టుకు రెండు చొప్పున 70 దగ్గర రావాలి. ఒక జాగ్రత్త: 70ని పట్టాలంటే ఫోన్ సెకనుకు 140 సార్లకు మించి కొలవగలగాలి. వందసార్లే కొలిచే ఫోన్‌లో 70 కాస్తా 30గా కనబడి, షాఫ్టు బ్యాలెన్సు పోయిందని మనల్ని తప్పుదోవ పట్టించవచ్చు. ఆయన ఫోన్ సెకనుకు 400 సార్లు కొలిచింది. శిఖరం నిటారుగా 70 దగ్గర నిలబడింది, 35 దగ్గర చిన్న బొడిపె ఉంది, 8.5 దగ్గర ఏమీ లేదు. ఎదురూ వెనకా ఎవరూ లేని తిన్నని దారిలో ఒకసారి న్యూట్రల్ చేసి బండిని దానంతట పోనిచ్చినా శిఖరం అక్కడే ఉంది కాబట్టి ఇంజన్ నిర్దోషి.

బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి కిందికి దూరాం. కమాన్ కట్టల్లో మిగతావాటికంటే నల్లగా ఉన్న పట్టీలు పక్కకు రెండేసి కనబడ్డాయి. సీజన్‌లో ఎక్కువ క్రేట్లు వేయడానికి రెండేళ్ల కిందట ఎక్కించానని ఆయన చెప్పారు. దాంతో ఖాళీ బండి వెనక భాగం లేచింది. చాసిస్ పైకి పోయి, హౌసింగ్ ఉన్నచోటనే ఉండడంతో షాఫ్టు వాలు పెరిగింది. ఫోన్‌లోని లెవెల్‌తో గేర్‌బాక్సు, షాఫ్టు, పినియన్ వాలులు కొలిస్తే రెండు క్రాసుల దగ్గరా వంపు 6 డిగ్రీలే. ఆ షాఫ్టు ఒకే ముక్క, పొడవు 1.3 మీటర్లు, లోడుకు వెనక భాగం 9 సెంటీమీటర్లు దిగితే వంపులో 4 డిగ్రీలు తగ్గుతాయి. అయినా వంపులు సమానంగానే ఉన్నాయి కదా, ఒకదాన్నొకటి కొట్టివేయాలి కదా అని మట్టి తుడిచి చూస్తే, పళ్ల గొట్టం మీద కంపెనీ కొట్టిన బాణం గుర్తు ఒకవైపు, షాఫ్టు మీది బాణం మరోవైపు ఉన్నాయి. రెండు పళ్ల తేడా.

"క్రాస్ ఎప్పుడు మార్పించారు?" అని అడిగాను.

"సంక్రాంతికి ముందు సార్. దానికీ దీనికీ సంబంధమేముంది? కొత్తదే కదా వేసింది."

వణుకు ఉగాది ముందు మొదలైంది. మధ్యలో అంతా సీజన్. బండి ఖాళీగా పరుగెత్తిందే లేదు. లోడుతో ఉన్నన్నాళ్లూ వంపు 2 డిగ్రీలే కాబట్టి పళ్ల తేడా వల్ల వచ్చే కుదుపు తొమ్మిదో వంతుకు అణగిపోయి కనబడలేదు, అందువల్లే ఆయన గానీ మెకానిక్ గానీ క్రాస్‌ను అనుమానించలేదు.

మర్నాడు షాఫ్టు విప్పించి, బాణాలు ఎదురెదురుగా వచ్చేలా దూర్చారు. మధ్యలో బేరింగ్‌తో రెండు ముక్కలుగా ఉండే షాఫ్టుల్లో కవ్వలన్నీ ఒకే తలంలో ఉండాలన్న నియమం లేదు, అక్కడ కంపెనీ గుర్తునే నమ్మాలి. గుర్తు చెరిగిపోయినవాటికి విప్పక ముందే సుత్తీ పంచ్‌తో రెండువైపులా ఒక చుక్క కొట్టుకోవడం మేలు. అదనపు పట్టీల్లో ఒక్కోటి తీసేస్తే ఖాళీ వంపు నాలుగుకు దిగుతుందని చెప్పాను. వచ్చే సీజన్ అయ్యాక చూస్తానన్నారు.

సాయంత్రం మళ్లీ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో నడిపి గ్రాఫ్ పంపారు. 70 దగ్గరి శిఖరం గడ్డిపరకంత అయింది. 35 దగ్గరి బొడిపె మాత్రం అలాగే ఉంది. వెంట పంపిన ఫొటోలో షాఫ్టు మీద తుప్పు పట్టని ఒక చిన్న దీర్ఘచతురస్రం, దాని రెండు అంచుల్లో తెగిన వెల్డింగ్ చుక్కలు కనబడుతున్నాయి. బ్యాలెన్సు కోసం అతికించిన ఇనప బిళ్ల అక్కడి నుంచే ఊడిపోయింది.