దివ్యాంగుల ఉద్యోగ చట్టాలు, మన దగ్గరా బయటి దేశాల్లోనూ: అపోహలు - వాస్తవాలు

విజయవాడ గవర్నరుపేటలో కూర్చుని, ఆటోనగర్ వర్క్‌షాపుల నుంచి గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లోని కోల్డ్ స్టోరేజీల దాకా చిన్న, మధ్యతరహా సంస్థలకు కార్మిక చట్టాలపై సలహాలివ్వడం నా వృత్తి. ఈ ప్రాంతంలో అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో, జర్మనీలోనో తమవాళ్లు ఎవరో ఒకరు ఉన్న కుటుంబాలు ఎక్కువ కావడం వల్ల, దివ్యాంగుల ఉద్యోగాల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ‘అక్కడ ఇలా ఉందట, మన దగ్గర ఏమీ లేదట’ అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటల్లో చాలావరకు రెండు వేర్వేరు పద్ధతులను కలగలపడం వల్ల పుట్టినవే. మొదటి పద్ధతిలో ఇంతమందిని నియమించాలని చట్టం యజమానికి ఒక సంఖ్య చెబుతుంది. రెండో పద్ధతిలో సంఖ్య ఉండదు. వైకల్యాన్ని కారణంగా చూపి వివక్ష చేయరాదని, పనికి అడ్డొచ్చే ఇబ్బందులను సహేతుకమైన మేరకు యజమానే తొలగించాలని మాత్రం ఉంటుంది. ఏ దేశపు చట్టం దేని గురించి మాట్లాడుతోందో చూడకుండా పోల్చితే తప్పుడు నిర్ణయాలకే వస్తాం.

అపోహ: అమెరికాలో ప్రతి కంపెనీ కొంత శాతం దివ్యాంగులను తప్పనిసరిగా తీసుకోవాలి.

వాస్తవం: అక్కడి 1990 నాటి దివ్యాంగుల చట్టంలో కోటా అనేదే లేదు. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న యజమానులకు ఆ చట్టం వర్తిస్తుంది. ఉద్యోగానికి కావలసిన అర్హత ఉండి, అవసరమైన సర్దుబాటు చేస్తే పని చేయగలిగిన వ్యక్తిని వైకల్యం పేరుతో తిరస్కరించరాదన్నది దాని సారాంశం. ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే సంస్థలకు 2014లో 7 శాతం అని ఒకటి పెట్టారు గానీ, అది లక్ష్యమే తప్ప కోటా కాదు. అయితే మన వాళ్లు పట్టించుకోని ఒక గట్టి రక్షణ అక్కడ ఉంది. ఉద్యోగం ఇస్తామని చెప్పకముందు అభ్యర్థి వైకల్యం గురించి అడగడానికి వీల్లేదు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం కూడా, కొన్ని మినహాయింపులతో, నియామకానికి ముందు ఆరోగ్యం గురించిన ప్రశ్నలను అడ్డుకుంటుంది. మన చట్టంలో ఇంత సూటిగా నిషేధించే సెక్షన్ లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోటు. ఇక్కడి దరఖాస్తు ఫారాల్లో ‘ఏదైనా శారీరక లోపం ఉందా’ అనే గడి ఇప్పటికీ తరచూ కనిపిస్తుంది.

అపోహ: శాతం ఎంత ఎక్కువైతే చట్టం అంత గొప్పది.

వాస్తవం: మన 4 శాతం, జర్మనీ 5 శాతం, ఫ్రాన్స్ 6 శాతం, జపాన్ 2.5 శాతం అని పక్కపక్కన రాసి చూపే పట్టికలు తప్పుదారి పట్టిస్తాయి. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఉన్న 4 శాతం ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలకే పరిమితం; అందులోనూ కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందినవారికే. చూపు, వినికిడి, కదలికలకు సంబంధించిన మూడు వర్గాలకు ఒక్కో శాతం పోగా, మేధోపరమైన, మానసిక వైకల్యాలు, ఆటిజం, బహుళ వైకల్యాలు అన్నీ కలిసి మిగిలిన ఒక్క శాతంలో సర్దుకోవాలి. జర్మనీ 5 శాతం 20, అంతకు మించి ఉద్యోగ స్థానాలున్న ప్రతి యజమానికీ, ప్రైవేటు వారికి కూడా, వర్తిస్తుంది; కానీ అది తీవ్ర వైకల్యం ఉన్నవారికే, తీవ్ర వైకల్యమంటే వారి కొలమానంలో కనీసం 50. జపాన్‌లో శాతం తక్కువగా కనిపించినా అది ప్రైవేటు రంగానికీ ఉంది, 2026 జూలై నుంచి 2.7గా పెంచాలని నిర్ణయించారు కూడా.

శాతం కన్నా ముందు చూడవలసింది, దాన్ని పాటించకపోతే ఏమవుతుందన్నది. జర్మనీలో భర్తీ చేయని ప్రతి స్థానానికీ యజమాని పరిహార రుసుము చెల్లించాలి. ఒక్క దివ్యాంగుడిని కూడా పెట్టుకోని పెద్ద సంస్థలకు ఒక్కో స్థానానికి నెలకు 720 యూరోలు అనే కొత్త మెట్టును 2024లో చేర్చారు, 2025 నుంచి దాన్ని 815 యూరోలకు పెంచారు. ఆ డబ్బు దివ్యాంగుల ఉపాధికి, పనిచోట మార్పులకే ఖర్చవుతుంది. జపాన్‌లో 100 మందికి పైబడిన సంస్థలు తక్కువపడిన ఒక్కొక్కరికి నెలకు 50 వేల యెన్‌లు కట్టాలి. అలాగని కోటా ఉన్నచోట అంతా సవ్యంగా సాగుతుందనుకోనక్కర లేదు. జపాన్ కేంద్ర మంత్రిత్వ శాఖలే అర్హత లేనివారిని లెక్కల్లో కలిపి సంఖ్యలు పెంచి చూపినట్టు 2018లో బయటపడింది. బ్రిటన్ 1944లోనే, 20 మంది, ఆపై ఉద్యోగులున్న యజమానులకు 3 శాతం కోటా పెట్టింది. దశాబ్దాల పాటు దాన్ని ఎవరూ గట్టిగా అమలు చేయలేదు, కేసులు నామమాత్రం. చివరికి 1995 చట్టంతో దాన్ని తీసేసి వివక్ష నిషేధం వైపు మళ్లారు. వసూలు చేసే యంత్రాంగం లేని కోటాను నేను గోడమీద రాతగానే చూస్తాను.

అపోహ: మన చట్టం ప్రైవేటు సంస్థల జోలికి రాదు.

వాస్తవం: ఇది నేను అందరికన్నా ఎక్కువగా యజమానుల నోట వినే మాట. ప్రైవేటు రంగానికి కోటా లేదన్నది నిజమే; 35వ సెక్షన్ సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రోత్సాహకాలివ్వాలని ప్రభుత్వానికి చెబుతుంది తప్ప యజమానిని బలవంతపెట్టదు. కానీ 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని రాసుకుని, ప్రదర్శించి, దాని ప్రతిని దివ్యాంగుల వ్యవహారాలు చూసే రాష్ట్ర కమిషనర్ వద్ద నమోదు చేయించాలి. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ అందులో దివ్యాంగులకు తగిన పోస్టులేవి, ఎంపిక ఎలా, సహాయక పరికరాలేమిటి, ప్రత్యేక సెలవులున్నాయా అన్న వివరాలు రాసి, దివ్యాంగుల నియామకాలు, సదుపాయాలు చూసుకునే ఒక లైజన్ అధికారిని నియమించాలి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల వరకు, తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

ఆ విధానపత్రం ఆచరణలో ఎలా ఉంటుందో చెప్పాలంటే, గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో నేను చూసిన కాగితం చాలు. ఆఫీసు గోడకు లామినేషన్ చేసి అతికించిన ఆ పత్రంలో మూడో పేరా బెంగళూరులోని ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరుతో ఉంది. లిఫ్టు, ర్యాంపు, శబ్దం లేని విశ్రాంతి గది ఇస్తామని హామీ ఉంది. అక్కడ ఉన్నది ఒకే అంతస్తు. కాటా గదికి మాత్రం మూడు మెట్లున్నాయి, కాలికి కాలిపర్స్ కట్టుకున్న గుమాస్తా రోజూ కిటికీ ఊచలు పట్టుకుని వాటిని ఎక్కుతున్నాడు. ఆయన కంప్యూటరును నేలమట్టంగా ఉన్న పక్కగదిలోకి మార్చి, కాటా రీడింగు అక్కడే కనపడేలా ఒక డిస్‌ప్లే పెట్టించడంతో పని తేలిపోయింది. చట్టం అడిగే సర్దుబాటు చాలాసార్లు ఈపాటిదే. ఖర్చు భయంతో వెనకాడే యజమానులకు, చట్టం మోయలేని భారాన్ని మోయమనడం లేదని చెబుతుంటాను. బ్రిటన్‌లో ప్రభుత్వమే ‘యాక్సెస్ టు వర్క్’ పేరుతో ఇలాంటి ఖర్చులకు సాయమందిస్తుంది. మన దగ్గర యజమానికి అంత నేరుగా చేయూత దొరకదు.

అపోహ: సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం లేకపోతే ఏ హక్కూ లేదు, ఉంటే అది విదేశాల్లోనూ చెల్లుతుంది.

వాస్తవం: రెండు సగాలూ తప్పే. 40 శాతం నిబంధన రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు సంబంధించినది. చేతిరాతకు ఇబ్బంది ఉన్న ఒక అభ్యర్థి యూపీఎస్సీపై వేసిన వికాస్ కుమార్ కేసులో, 40 శాతం హద్దులోకి రానివారికి కూడా పరీక్ష రాయడానికి సహాయకుడిని ఇవ్వాలని, సహేతుక సర్దుబాటు హక్కు ఆ హద్దుతో ముడిపడి లేదని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. ఇక బయటి దేశాల్లో మన సర్టిఫికెట్ మహా అయితే వైద్య ఆధారాల్లో ఒకటిగా పనికొస్తుంది. జర్మనీలో వారి సొంత కార్యాలయమే వైకల్య స్థాయిని నిర్ణయిస్తుంది. బ్రిటన్‌లో అసలు శాతాలే లేవు. రోజువారీ పనులపై గణనీయమైన ప్రభావం ఉండి, అది 12 నెలలైనా కొనసాగేదైతే చాలు, క్యాన్సర్, హెచ్‌ఐవీ వంటి వాటికి నిర్ధారణ అయిన రోజు నుంచే రక్షణ ఉంటుంది. సదరంలో 30 శాతం వచ్చి ఇక్కడ నిరాశపడినవారు అక్కడ చట్టం దృష్టిలో దివ్యాంగులే కావచ్చు.

అపోహ: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఇంటికి పంపేయవచ్చు.

వాస్తవం: ప్రభుత్వ సంస్థల్లో అలా పంపడానికి వీల్లేదు. మన పాత 1995 చట్టం కిందే, విధుల్లో గాయపడి కాలు కోల్పోయిన కానిస్టేబుల్ కునాల్ సింగ్ కేసులో 2003లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ప్రస్తుత 20వ సెక్షన్ ప్రకారం అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, అది లేకపోతే పదవీ విరమణ దాకా అదనపు పోస్టు సృష్టించైనా కొనసాగించాలి. ఈ రక్షణ ప్రైవేటు ఉద్యోగికి లేకపోవడమే మన చట్టంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. జర్మనీలో ఆరు నెలల సర్వీసు దాటిన తీవ్ర వైకల్యం గల ఉద్యోగిని తొలగించాలంటే, ప్రైవేటు యజమాని కూడా ముందుగా ప్రత్యేక కార్యాలయం అనుమతి తెచ్చుకోవాలి.

అపోహ: ఫిర్యాదు ఎప్పుడైనా చేసుకోవచ్చు.

వాస్తవం: అమెరికాలో వివక్ష జరిగిన 180 రోజుల్లోపు, రాష్ట్రస్థాయి సంస్థ ఉన్నచోట 300 రోజుల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. జర్మనీలో తొలగింపును సవాలు చేయడానికి ఉన్నది మూడు వారాలే. ఇక్కడ ప్రభుత్వ సంస్థలో ఉన్నవారు ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా ఇస్తే, రెండు వారాల్లో విచారణ జరపాలి. సంతృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. ప్రైవేటు ఉద్యోగి రాష్ట్ర కమిషనర్‌కు రాయాలి. కమిషనర్ ఇచ్చేది సిఫారసే గానీ, దాన్ని అందుకున్నవారు మూడు నెలల్లో అమలు చేయాలి, లేదా ఎందుకు చేయలేదో కారణాలు తెలపాలి. అందువల్ల ఫిర్యాదుకు నియామక పత్రం, సర్దుబాటు కోరుతూ యజమానికి రాసిన లేఖ ప్రతి, అది అందినట్టు సంతకమో ఈమెయిలో జతచేయండి. నోటిమాటగా అడిగాననడం కమిషనర్ ముందు నిలబడడం కష్టం.