షిఫ్ క్షారాలు పెట్రీ డిష్ దాకా ఎలా వచ్చాయి?

షిఫ్ క్షారాల లోహ సంక్లిష్టాలు (లోహ అయాను చుట్టూ ఈ అణువులు అతుక్కుని ఏర్పడే పదార్థాలు) బాక్టీరియాను అడ్డుకుంటాయని చెప్పే పరిశోధన పత్రాలు ఏటా కుప్పలుతెప్పలుగా వస్తున్నాయి. వాటిలో మందుగా మారినవి మాత్రం చాలా అరుదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆల్డిహైడ్, ప్రైమరీ అమీన్ కలిసి నీటి అణువును వదిలేస్తే కార్బన్, నైట్రోజన్‌ల మధ్య ద్విబంధం (ఇమైన్) ఏర్పడుతుంది; అలా వచ్చే పదార్థమే షిఫ్ క్షారం. 1864లో హ్యూగో షిఫ్ దీన్ని వివరించాడు. లోహంతో సంబంధం అంతకంటే పాతది. 1840లోనే ఎట్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త కాపర్ ఎసిటేట్, శాలిసిలాల్డిహైడ్, అమోనియా కలిపి ముదురాకుపచ్చ స్ఫటికాలు రాబట్టాడు. వాటి నిర్మాణం అర్థం కావడానికి లోహం చుట్టూ ఇతర అణువులు ఎలా అమరుతాయో చెప్పే 1893 నాటి ఆల్ఫ్రెడ్ వెర్నర్ సమన్వయ సిద్ధాంతం రావాల్సి వచ్చింది. 1930లలో పాల్ ఫైఫర్ లోహాన్ని పట్టుకునే ఈ అణువులను, అంటే లైగాండ్లను, ఒక క్రమంలో పెట్టాడు.

తయారీ ఎంత సులువో చూస్తే ఈ రంగానికి ఇంత గిరాకీ ఎందుకో అర్థమవుతుంది. వేడి ఇథనాల్‌లో ఉన్న శాలిసిలాల్డిహైడ్‌కు ఇథిలీన్ డైఅమీన్ చేర్చగానే సాలెన్ అనే లైగాండ్ పసుపు రేకుల్లా విడిపోతుంది. దానికి లోహ లవణం కలిపితే రంగు మారిపోతుంది. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 1630 సెం.మీ⁻¹ దగ్గరి ఇమైన్ పట్టీ కాస్త పక్కకు జరిగిందంటే నైట్రోజన్ లోహాన్ని పట్టుకుందన్నమాట.

జీవశాస్త్రం వైపు దారి తీసింది 1938లో త్సుమాకి పరిశీలన: కోబాల్ట్ సాలెన్ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, వేడి చేస్తే వదిలేస్తుంది. అచ్చం హీమోగ్లోబిన్ పనే! 1946లో గెర్హార్డ్ డొమాక్ బృందం థయోసెమికార్బజోన్లు క్షయ క్రిమిపై పనిచేస్తాయని చూపింది. అవీ ఈ కుటుంబానికి చెందినవే. సిస్‌ప్లాటిన్ షిఫ్ క్షారం కాదు గానీ, 1978లో అది అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి పొందాక లోహ సంక్లిష్టాల మీద ఆశలు బాగా పెరిగాయి.

ఆ ఆశే తొందరపాటుగా కూడా మారిందని నా అభిప్రాయం. కాగితపు బిళ్లను సంక్లిష్టపు ద్రావణంలో ముంచి, పెట్రీ డిష్‌లో బాక్టీరియా పూసిన అగార్ జెల్లీ మీద పెట్టి, చుట్టూ బాక్టీరియా పెరగని నిరోధక వలయాన్ని కొలుస్తారు. లైగాండ్ కన్నా సంక్లిష్టం మెరుగ్గా పనిచేస్తే చెలేషన్ సిద్ధాంతాన్ని చూపిస్తారు: లైగాండ్ లోహాన్ని ఒకటికంటే ఎక్కువ చోట్ల పట్టుకోవడం వల్ల లోహపు ధ్రువత్వం తగ్గి, అణువు కొవ్వు పొరలోంచి తేలిగ్గా దూరుతుందట. కావచ్చు. కానీ వలయం సైజు అగార్‌లో ఆ పదార్థం ఎంత బాగా వ్యాపించిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. రాగి లవణం తనంతట తానే బాక్టీరియాను చంపగలదు. సంక్లిష్టం డీఎంఎస్ఓలో (దాన్ని కరిగించే ద్రావణిలో) చెక్కుచెదరకుండా ఉందా, అదే మోతాదు మనిషి కణాలను కూడా చంపుతుందా అన్న పరీక్షలు లేకుండానే చాలా పత్రాలు అచ్చవుతున్నాయి.