టోపీకి భయపడ్డ సర్కారు

1921లో బొంబాయిలోని కోహినూర్ ఫిల్మ్ కంపెనీ 'భక్త విదుర్' అనే మూకీ సినిమా తీసింది. కథ మహాభారతంలోదే. కాకపోతే తెర మీదికి విదురుడు ఖద్దరు కట్టుకుని, తలకు గాంధీ టోపీ పెట్టుకుని వచ్చాడు. విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం రేపిన కోపం ఇంకా చల్లారని రోజులవి. ఆ విదురుడు ఎవరో జనానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కరాచీలోనూ మద్రాసులోనూ సినిమాను నిషేధించారు.

అప్పటికే 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ఉంది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు వచ్చాయి. వాటి పెత్తనం పోలీసు కమిషనర్లకు అప్పగించారు. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. పత్రిక చదవాలంటే అక్షరం రావాలి. నేల టికెట్టు కొనుక్కుని కూర్చున్న కూలీకి ఆ అడ్డు లేదు, బొమ్మ నేరుగా అర్థమైపోతుంది. సర్కారుకు గుబులు పుట్టింది అక్కడే.

మన దగ్గర ఈ కథ 'రైతుబిడ్డ'తో మొదలవుతుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీశారు. అంతకు ముందు ఏడాదే 'మాలపిల్ల'తో అంటరానితనాన్ని తెర మీద నిలదీసిన మనిషి ఆయన. 'రైతుబిడ్డ'లో ఒక చిన్న రైతు జమీందారు చెప్పిన మనిషిని కాదని, రైతుల తరఫున నిలబడ్డ మనిషికి ఓటేస్తాడు. అందుకు ఇంటిల్లిపాదీ కష్టాలు పడతారు. రైతు వేషం వేసింది బళ్లారి రాఘవ. వినడానికి మామూలు కథే. కానీ అప్పటి రాజకీయం చూడండి. 1937 ఎన్నికల్లో మద్రాసు సర్కారును నడిపిన జమీందారు, బొబ్బిలి రాజా అంతటివాడు కాంగ్రెస్ అభ్యర్థి వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. జమీందారీ రద్దు కావాలని రైతు సంఘాలు ఊరూరా అడుగుతున్నాయి. ఓటు ఎవరికి వేయాలన్నది రైతు ఇష్టమని సినిమా చెప్పేసరికి జమీందార్లు ఉలిక్కిపడ్డారు. వాళ్ల ఒత్తిడితో సినిమా మీద నిషేధం పడింది. ఇంకో సంగతి, దాన్ని తీసిన సారథి ఫిలిమ్స్‌కు డబ్బు పెట్టింది చల్లపల్లి రాజావారు. ఆయనా జమీందారే. ఈ ముడి ఎలా పడిందో మన సినిమా చరిత్రకారులు ఇంకా తీరిగ్గా విప్పాలి.

'రైతుబిడ్డ'తోనే రచయితగా సినిమాల్లోకి వచ్చారు త్రిపురనేని గోపీచంద్. నలభై ఏళ్ల తర్వాత, 1979లో, ఆయన కొడుకు సాయిచంద్, తెలంగాణ రైతుల సాయుధ పోరాటం మీద వచ్చిన 'మా భూమి'లో కథానాయకుడు రామయ్య అయ్యారు. బి.నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ తీసిన సినిమా అది. భుజాన గొంగడి, చేతిలో కర్రతో గద్దర్ నడుస్తూ 'బండెనక బండి కట్టి' పాడిన దృశ్యం చూసినవాళ్లు మర్చిపోలేరు. సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాట అది. నిజాం ఓడిపోవడంతో కథ సుఖాంతం చేసేయవచ్చు. వీళ్లు అలా చేయలేదు. పోరాటానికి భయపడి పారిపోయిన దొరలు, భారత సైన్యం నిజాంను దించిన పోలీసు చర్య తర్వాత గాంధీ టోపీలు పెట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. పంచిన భూములు మళ్లీ లాక్కున్నారు. 1921లో సర్కారును భయపెట్టిన టోపీయే, 1948 నాటికి తెలంగాణ పల్లెల్లో దొర నెత్తి మీద కనిపించింది.

ఈలోగా తెల్లవాళ్లు వెళ్లిపోయారు గానీ, సెన్సార్ పోలేదు. 1952లో కొత్త చట్టం చేసుకున్నాం. కె.ఎ.అబ్బాస్ నాలుగు నగరాల మీద తీసిన డాక్యుమెంటరీకి బోర్డు అడ్డం పడితే ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. 1970లో కోర్టు ముందస్తు సెన్సార్ సబబేనంది. మిగతా కళల కంటే సినిమా మనసును ఎక్కువగా కదిలిస్తుందన్నది ఒక కారణం. బ్రిటిష్ వాళ్ల గుబులు కూడా దాదాపు ఇదే కదా! 1989లో మాత్రం అదే కోర్టు, ఎవరో గొడవ చేస్తామని బెదిరించినంత మాత్రాన సినిమాను ఆపడానికి వీల్లేదని గట్టిగా చెప్పింది.

బోర్డు నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవడానికి 1983 నుంచి ఒక ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్‌లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు నేరుగా హైకోర్టు మెట్లెక్కాల్సిందే. పెద్ద నిర్మాత అయితే లాయర్‌ను పెట్టుకుంటాడు. అప్పు తెచ్చి గంట డాక్యుమెంటరీ తీసినవాడు వాయిదాల టెన్షన్‌కి భయపడి, అభ్యంతరం చెప్పిన సీన్ తనే కోసేసుకుంటాడు.