గ్యాస్ కరెంటు ప్లాంటు: అపోహలు, వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో గ్యాస్ టర్బైన్ల మీద షిఫ్టులు చేసి ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. కృష్ణపట్నం దగ్గరి బొగ్గు ప్లాంట్లు ఇక్కడ అందరికీ తెలుసు. గ్యాస్‌తో కరెంటూ వేడీ రెండూ ఇచ్చే ప్లాంటు మాట ఎత్తితే మాత్రం ఈ ప్రశ్నలే వస్తాయి.

అపోహ: మన ఎండలు చాలవా, ఇంకా వేడి ఎవరికి?

చలిదేశాల్లో ఆ వేడితో ఇళ్ళు వెచ్చబెడతారు. మనకు ఆ అవసరం లేదు, నిజమే. కానీ ఒక్కసారి ఉప్పుడు బియ్యం మిల్లులోకి వెళ్ళండి. నానిన వడ్లలోకి స్టీమ్ వదలగానే ఆవిరి కమ్మేసి, పక్కన నిలబడ్డ మనిషి కూడా కనబడడు. ఆ వడ్లు ఆరాలన్నా వేడే కావాలి. పాల డైరీకీ, రొయ్యలు ఉడకబెట్టే ప్లాంటుకీ అంతే. అబ్జార్ప్షన్ చిల్లర్ (వేడితోనే నీళ్ళు చల్లబరిచే యంత్రం) పెడితే అదే వేడి 7 డిగ్రీల చల్లటి నీళ్ళు కూడా ఇస్తుంది.

ఒక్క గ్యాస్ టర్బైనే అయితే ఇంధనంలోని శక్తిలో 35-40 శాతమే కరెంటవుతుంది. మిగతాది 500-600 డిగ్రీల పొగగా బయటికి పోతుంది. ఆ వేడితో స్టీమ్ చేసి ఇంకో టర్బైన్ తిప్పితే 55 శాతం దాటొచ్చు. స్టీమ్‌ను పక్క ఫ్యాక్టరీలకు ఇస్తే మొత్తం 80 శాతం దాకా పనికొస్తుంది. అయితే స్టీమ్ కొన్ని కిలోమీటర్లకు మించి పోదు. భూమి చౌకగా దొరికిందని ఎక్కడో పొలాల మధ్య కడితే సగం లాభం గాల్లో కలిసినట్టే.

అపోహ: అదొక పెద్ద సిలిండర్, ఎప్పుడో పేలుతుంది.

ఇది వంటగ్యాస్ కాదు, మీథేన్. గాలికన్నా తేలిక, లీకైతే పైకి పోతుంది. వంటగ్యాస్ అయితే నేలబారున పేరుకుంటుంది. అలాగని భయమే లేదని నేను చెప్పను. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీళ్ళు కలిసిన తడి గ్యాస్ పారి, లోపల తుప్పు తినేసింది. అందుకే మీ ఊరి పక్క నుంచి లైను వేస్తామంటే ముందు ఇది అడగండి: పైపు లోపలి తుప్పు ఎన్నాళ్ళకొకసారి చూస్తారు?

అపోహ: బోర్డు మీద రాసినన్ని మెగావాట్లు ఎప్పుడూ వస్తాయి.

ఆ లెక్క 15 డిగ్రీల గాలికి. రోహిణి కార్తెలో గాలి పలచబడి టర్బైన్ బలం తగ్గుతుంది. 40 డిగ్రీలకు 15 శాతం దాకా పోవచ్చు. ఊరంతా ఏసీలు వేసుకునే మధ్యాహ్నం పూట, స్క్రీన్ మీద అంకె మెల్లగా దిగుతుంటే ఎంత టెన్షనో! లోపలికి పీల్చే గాలిని చల్లబరచడమే దానికి మందు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్ళు చిలకరించే పద్ధతి అంతగా పనిచేయదు, చిల్లరే మేలు.

అపోహ: గ్యాస్ అంటే కాలుష్యం సున్నా.

బూడిద ఉండదు. యూనిట్‌కు కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో పోలిస్తే సుమారు సగం, అంతే. నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, దారిలో లీకయ్యే మీథేన్ వేరే.

అపోహ: ఆంధ్రాలో గ్యాస్ ప్లాంట్లు ఆగిపోయాయంటే ఆ మెషిన్లే పనికిరావు.

ఈ మాట వింటే బాధేస్తుంది. మన తీరం దగ్గర సముద్రంలో ఉన్న కృష్ణా-గోదావరి గ్యాస్ క్షేత్రం కేజీ-డీ6లో 2009లో గ్యాస్ మొదలైంది, తర్వాత ఉత్పత్తి పడిపోయింది, 2013లో కరెంటు ప్లాంట్లకు అక్కడి నుంచి సరఫరా ఆగింది. బయటి దేశాల నుంచి ఎల్ఎన్‌జీ (ద్రవంగా మార్చిన గ్యాస్) తెచ్చి నడిపితే యూనిట్ ధర గిట్టదు. మెషిన్ తప్పేమీ లేదు. గ్యాస్ లేని ఆ రోజుల్లో కూడా రోటర్ (టర్బైన్‌లో తిరిగే ఇరుసు) వంగిపోకుండా అప్పుడప్పుడు మెల్లగా తిప్పి ఆపేవాళ్ళం, తేమ పట్టకుండా లోపలికి పొడి గాలి పంపేవాళ్ళం. రేపు గ్యాస్ వస్తే స్టార్ట్ కావాలి కదా.