గుండ్రని రంధ్రం దగ్గర తప్పే లెక్క

ఇంట్లో నీటి తొట్టి నిండుతున్నప్పుడు పైపు మూతిని నీటిలోకి ముంచి, ధారకు తగలకుండా కాస్త పక్కగా ఒక చుక్క నీలిమందు వదిలి చూడండి. ఆ చుక్క కాసేపు అక్కడే తారాడి, తరువాత సన్నని తీగలా సాగుతూ ధారవైపు నడిచి, దాని అంచును తాకగానే సుడులలో చిక్కుపడి మాయమవుతుంది. ధార తన వెంట తెచ్చుకున్న నీటితో సరిపెట్టుకోదు, చుట్టూ ఉన్న నీటిని కూడా లాక్కుపోతుంది. గుండ్రని మూతి నుంచి వెలువడిన ఇలాంటి ధార, అంటే జెట్, ఆ మూతి వ్యాసానికి 30 రెట్ల దూరం వెళ్ళేసరికి, బయలుదేరినప్పటికంటే సుమారు 9, 10 రెట్లు ఎక్కువ నీటిని మోస్తుంది. మధ్యరేఖ మీద వేగం మాత్రం దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది.

విశాఖలాంటి ఊరికి ఇది తొట్టితో తీరిపోయే విషయం కాదు. పరవాడ దగ్గరి 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం చల్లదనానికి సముద్రపు నీటినే వాడుతుంది. తీరం వెంట ఉన్న ఏ కర్మాగారమైనా వాడిన నీటిని పైపు ద్వారా సముద్రంలోకి వదిలితే, అది ఎంత దూరంలో ఎంత పలచబడుతుందో ముందుగా తేల్చుకోవాలి, ఆ లెక్కను ఈ రోజుల్లో కంప్యూటరే వేస్తుంది.

సుడులన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా లెక్కకట్టడం సాధ్యమే, కానీ ఖర్చు భరించలేము. ఒక సెంటీమీటరు పైపులో నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తే రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత కల్లోలంగా ఉంటుందో సూచించే అంకె) 10,000 అవుతుంది; ఆ మాత్రం ధారలోని అతి చిన్న సుడిని కూడా వదలకుండా పట్టుకోవాలంటే సుమారు 100 కోట్ల బిందువుల వల కావాలి. అందుకే 1895లో రెనాల్డ్స్ చూపిన దారిలో సగటు ప్రవాహాన్ని మాత్రమే లెక్కించి, సుడుల ప్రభావాన్ని 1877లో బూసినెస్క్ ఊహించినట్టు ఒక అదనపు స్నిగ్ధతగా, అంటే జిగటగా, చేర్చుకుంటాము. ఆ అదనపు స్నిగ్ధత ఎంత ఉండాలో చెప్పే సూత్రాల సముదాయమే టర్బులెన్స్ మోడల్.

వీటిలో ఎక్కువమంది మొదట చేయి వేసేది కె-ఎప్సిలాన్ మోడల్ మీదనే; సుడుల శక్తి (కె), అది వేడిగా మారే వేగం (ఎప్సిలాన్) అనే రెండిటి నుంచి ఇది ఆ అదనపు స్నిగ్ధతను తేలుస్తుంది. లాండర్, స్పాల్డింగ్ 1974లో స్థిరపరిచిన రూపంలో దానికి ఐదు స్థిరాంకాలు ఉన్నాయి. అవి ప్రకృతి నియమాల నుంచి రాబట్టినవి కావు, కొన్ని ప్రయోగాలకు సరిపోయేలా కుదిర్చినవి. సన్నని పొడవాటి చీలిక నుంచి వచ్చే జెట్‌కు అవి చక్కగా కుదురుతాయి. మధ్యరేఖ వేగంలో సగం వేగం ఉన్న చోటి వరకు జెట్ అర్ధ వెడల్పును కొలిస్తే, ప్రయోగంలో అది మీటరు దూరానికి 10 నుంచి 11 సెంటీమీటర్లు పెరుగుతుంది, మోడల్ కూడా దాదాపు అంతే చెబుతుంది. గుండ్రని జెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రయోగం సుమారు 9.4 అంటే మోడల్ 12 అంటుంది. ఈ అంకెల తేడా కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే సంగతి మరొకటి ఉంది: వాస్తవంలో గుండ్రని జెట్ చీలిక జెట్ కంటే తక్కువగా విస్తరిస్తుంది, మోడల్ ఆ వరుసనే తలకిందులు చేస్తుంది. పైగా తప్పు జరిగే దిశ కూడా మంచిది కాదు, ఎందుకంటే ఎక్కువ విస్తరణ అంటే ఎక్కువ పలుచన, అంటే కాగితం మీద సముద్రం ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. కంప్యూటర్ గీసే రంగుల బొమ్మల్లో ఈ తేడా కంటికి ఆనదు. బొమ్మ అందంగా ఉందని మోడల్‌ను మెచ్చుకునే అలవాటు ఇప్పటికీ పోలేదు.

దీనికి ఒక పాత చిట్కా ఉంది. ఐదింటిలో 1.44గా ఉన్న స్థిరాంకాన్ని 1.60 చేస్తే గుండ్రని జెట్ దారికి వస్తుంది. నేను కూడా మొదట్లో అలాగే చేసి, అంకెలు కలిసినందుకు సంబరపడి, అదే ఫైలును చీలిక జెట్‌కు వాడాను; అంతవరకు సరిగ్గా ఉన్న ఆ జెట్ కాస్తా ఉండవలసినదానికంటే సన్నబడిపోయింది.

అసలు కారణాన్ని 1978లో పోప్ వివరించాడు. గుండ్రని జెట్‌ను సుడులు ఉంగరాలుగా చుట్టి ఉంటాయి. జెట్ వెడల్పయ్యేకొద్దీ ఆ ఉంగరం చుట్టుకొలత పెరగాలి కనుక సుడి సాగుతుంది, సాగిన సుడి సన్నబడి మరింత వేగంగా తిరుగుతుంది, పెద్ద సుడుల శక్తి చిన్నవాటికి త్వరగా చేరి వేడిగా మారిపోతుంది. అలా కల్లోలం బలహీనపడటం వల్ల విస్తరణ తగ్గుతుంది. చీలిక జెట్‌లో సుడులు చీలిక పొడవునా తిన్నగా పడుకొని ఉంటాయి కాబట్టి సగటు ప్రవాహం వాటిని సాగదీయదు. సాగుదలను కొలిచే ఒక పదాన్ని పోప్ సమీకరణంలో చేర్చాడు. చీలిక జెట్‌లో అది దానంతట అదే సున్నా అవుతుంది. విల్కాక్స్ కె-ఎప్సిలాన్ లాంటిదే అయిన తన కె-ఒమేగా మోడల్ 2006 రూపంలో ఇదే ఆలోచనను వాడుకొని రెండు జెట్‌లనూ ప్రయోగానికి దగ్గరగా తెచ్చాడు. 1995లో వచ్చిన రియలైజబుల్ కె-ఎప్సిలాన్ అనే సవరించిన రూపం మరో దారిలో దాదాపు అక్కడికే చేరింది.

కొత్తది కనుక మేలైనదే అయి ఉంటుందనుకోవడానికి వీలులేదు. ఆర్‌ఎన్‌జీ అనే మరో సవరించిన రూపం పాత కె-ఎప్సిలాన్ కంటే జెట్‌లను ఇంకా ఎక్కువ విస్తరింపజేస్తుంది. కె-ఎప్సిలాన్, కె-ఒమేగాలను కలిపి చేసిన, విమానపు రెక్కల మీద పేరు తెచ్చుకున్న ఎస్‌ఎస్‌టీ మోడల్ గోడకు దూరంగా కె-ఎప్సిలాన్ లాగే ప్రవర్తిస్తుంది కాబట్టి ఆ లోపం దానికీ సంక్రమిస్తుంది. పెద్ద సుడులను నేరుగా లెక్కించి చిన్నవాటిని మాత్రమే మోడల్‌కు వదిలే ఎల్‌ఈఎస్ పద్ధతికి జెట్‌లు బాగా అనువైనవి, ఎందుకంటే చుట్టూ ఉన్న నీటిని లాక్కొచ్చే పని ఎక్కువగా పెద్ద సుడులదే. అయితే సగటు మోడల్ ఇంటి ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో ముగించే గుండ్రని జెట్ లెక్కకు ఇది మూడు కొలతల వల, క్షణక్షణానికీ మళ్ళీ లెక్క అడుగుతుంది.

సముద్రంలోకి వేసే పైపులలో చాలావాటికి చివర ఒకే మూతి ఉండదు, వరుసగా గుండ్రని రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రం నుంచీ వచ్చే ధార మొదట గుండ్రని జెట్‌గా బయలుదేరుతుంది, కొంత దూరం వెళ్ళాక పక్కపక్క ధారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మొత్తం ఒక చీలిక జెట్‌లా నడుస్తుంది. అక్కడ స్థిరాంకాన్ని 1.44గా ఉంచితే రంధ్రాల దగ్గర లెక్క తప్పుతుంది, 1.60 చేస్తే ధారలు కలిసిన తరువాత తప్పుతుంది.